ఇండోర్ మోడల్ విమానానికి బాల్సా ఎలా ఏరుకోవాలి

నమస్తే అండి. మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: అమ్మాయి సైన్స్ ఒలింపియాడ్ (ఇక్కడి స్కూలు పిల్లల పోటీ) కోసం, మెలిపెట్టి చుట్టిన రబ్బరు శక్తితో ఎగిరే ఇండోర్ విమానం కట్టింది, రూలు ప్రకారం రబ్బరు కాకుండా కనీసం 8 గ్రాములు ఉంటే చాలు, తనది 11 గ్రాములు వచ్చింది, స్కూల్ జిమ్‌లో రెండు నిమిషాలకే దిగిపోతోంది. ఇప్పుడు అన్నిటికన్నా తేలికైన బాల్సా, అంటే ఇలాంటి విమానాలు కట్టే ఆ తేలిక చెక్క, ఏదో చెబితే డాలస్‌కి తెప్పించుకుంటామంటున్నారు. తెప్పించుకోవడం సంగతి చివర్లో చెప్తాను. ఇంట్లో 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా ఉందా? బంగారం తూచేవాళ్ల దగ్గర ఉండే రకం. లేకపోతే చెక్క కన్నా ముందు అది కొనండి, ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్ల లోపే వస్తుంది. అది లేకుండా బాల్సా కొనడమంటే కళ్లు మూసుకుని పుచ్చకాయ కొన్నట్టే.

మూడు గ్రాములకు ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు అనుకోవచ్చు, మా ఆవిడ ఇప్పటికీ అదే అంటుంది. లెక్క చూడండి. రబ్బరు 2 గ్రాములు అనుకుందాం, అంటే మొత్తం 10 గ్రాములు ఎగరాల్సిన చోట 13 ఎగురుతోంది. ఒకే విమానం, ఒకే రెక్క అయితే, గాల్లో నిలబడటానికి కావలసిన పవర్ బరువుతో సమానంగా పెరగదు, బరువుకు ఒకటిన్నర ఘాతం చొప్పున పెరుగుతుంది. 1.3 రెట్ల బరువుకు దాదాపు 1.48 రెట్ల పవర్. రబ్బరులో ఉన్న శక్తి మాత్రం అంతే. కాబట్టి మూడు నిమిషాలు తిరగాల్సింది రెండు నిమిషాలకే దిగుతుంది. మీ అమ్మాయి కట్టడంలో తప్పేమీ ఉండకపోవచ్చు, ఈ లెక్కకీ మీరు చెప్పిన టైముకీ సరిగ్గా సరిపోయింది.

ఇక చెక్క. బాల్సా అని ఒకే పేరు పెట్టి అమ్ముతారు గానీ దాని సాంద్రత ఘనపు అడుగుకు 4 పౌండ్ల నుంచి 16 పౌండ్లు, ఒక్కోసారి 20 దాకా కూడా ఉంటుంది. టేకులోనో వేపలోనో ఇంత తేడా ఎక్కడా చూడం. ఈ చెట్టు ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది, ఐదారేళ్లలోనే నరకడానికి వచ్చేంత వేగంగా పెరుగుతుంది, కణాల నిండా నీళ్లే ఉంటాయి, ఆ నీళ్లు ఆరబెడితే మిగిలే గోడలు పల్చగా ఉంటే తేలిక చెక్క, మందంగా ఉంటే బరువు చెక్క. నేల, వాన, చెట్టు వయసు, మానులో ఏ భాగం, అన్నిటినీ బట్టి మారిపోతుంది. అన్నట్టు ఇది మన బూరుగు చెట్టుకి చుట్టమే, ఒకే కుటుంబం, దీని కాయలో కూడా దిండ్లలో కూరుకునే లాంటి దూదే ఉంటుంది. మొదటిసారి ఆ కాయ ఫోటో చూసినప్పుడు మా అమ్మమ్మ వాళ్ల పెరడు గుర్తొచ్చింది.

అంటే షాపులో పక్కపక్కనే ఉన్న రెండు షీట్లు, ఒకే ధర, ఒకే మందం, ఒకటి 8 గ్రాములు, ఇంకోటి 17 గ్రాములు తూగడం మామూలు విషయం. నేను కాటా జేబులో వేసుకుని వెళ్తాను. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు షాపాయనే నన్ను చూడగానే పెట్టె కిందకి దించి ఇస్తాడు.

మీ దగ్గర దొరికే షీటు సాధారణంగా 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉంటుంది. మందం 1/16 అంగుళం అయితే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి: ఘనపు అడుగుకు ఒక పౌండంటే అలాంటి షీటులో 1.77 గ్రాములు. అంటే షీటు 7 గ్రాములుంటే 4 పౌండ్ల చెక్క, 9 ఉంటే 5, పదిన్నర ఉంటే 6, 14 ఉంటే 8, 18 దాకా వస్తే 10 పౌండ్ల చెక్క. 1/32 షీటుకి ఇందులో సగం. వేరే కొలతలైతే పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి, గ్రాముల బరువుని దానితో భాగించి, 3.81తో గుణిస్తే పౌండ్లు వచ్చేస్తాయి. మందం మాత్రం షీటు మీద రాసింది నమ్మకండి, కాలిపర్‌తో నాలుగు చోట్ల కొలవండి, సానపట్టడంలో తేడాలొస్తాయి, 1/32 షీటులో ఆ తేడా చాలా పెద్దది. ఇండియాలో మన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి ఇంకా సులువు: 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు, 1 మిల్లీమీటరు మందం ఉన్న షీటు దొరికితే దాని పరిమాణం సరిగ్గా 100 ఘన సెంటీమీటర్లు. గ్రాముల పక్కన ఒక సున్నా పెడితే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో వచ్చేస్తుంది. 10 గ్రాములుంటే 100 కిలోలు, అంటే మా లెక్కలో 6 పౌండ్ల పైన కొంచెం.

ఒక జాగ్రత్త. పెద్ద క్రాఫ్ట్ స్టోర్లలో బాల్సా పక్కనే అదే అరలో బాస్‌వుడ్ పెడతారు. పేరూ దగ్గరే, రంగూ దగ్గరే, పైగా పుల్లలు చాలా నున్నగా, నిటారుగా ఉంటాయి, కొత్తవాళ్లు అవే ఏరుకుంటారు. అది బాల్సా కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. ఒక ఏడాది నా దగ్గర నేర్చుకునే పిల్లాడు రెక్క మొత్తం బాస్‌వుడ్‌తో కట్టుకొచ్చాడు, ఎంత అందంగా కట్టాడంటే చెప్పడానికి నోరు రాలేదు. మీ విమానంలో గట్టిగా అనిపించే పుల్లలుంటే ఒకసారి గోరుతో నొక్కి చూడండి, తేలిక బాల్సా మీద గోటి గుర్తు వెంటనే పడుతుంది, బాస్‌వుడ్ మీద అంత తేలిగ్గా పడదు.

బరువు తర్వాత చూడాల్సింది నార. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నేనూ చాలా ఏళ్లు చేశాను. ఒకే బరువున్న రెండు షీట్లు మాను నుంచి కోసిన తీరుని బట్టి పూర్తిగా వేరేగా ప్రవర్తిస్తాయి. షీటుని వెడల్పు వైపు నుంచి రెండు చేతులతో పట్టుకుని, నారకు అడ్డంగా మెల్లగా గొట్టంలా చుట్టబోయి చూడండి. బట్టలా లొంగిపోయి వంగితే అది ‘ఏ’ గ్రెయిన్ (ఇంగ్లీషు A, గ్రెయిన్ అంటే ఈ కోత రకం), మీద పొడవాటి గీతలు కనిపిస్తాయి. అస్సలు వంగనని మొండికేసి, ఇంకొంచెం బలం పెడితే పెళుక్కున విరిగిపోయేలా ఉంటే అది సీ గ్రెయిన్. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే చేప పొలుసుల్లా మెరిసే మచ్చలు కనిపిస్తాయి, ఒకసారి చూశాక ఇక జన్మలో మర్చిపోరు. రెండూ కాకుండా మధ్యస్థంగా ఉండేది బీ గ్రెయిన్, షాపులో ఎక్కువగా ఉండేది అదే.

సీ గ్రెయిన్ అడ్డంగా బిరుసు కాబట్టి రిబ్బులకి, అంటే రెక్కకి వంపు ఆకారం ఇచ్చే అడ్డ ముక్కలకి, అదే కావాలి. 1/32 షీటులోంచి కోసిన రిబ్బు ‘ఏ’ గ్రెయిన్ అయితే ఎండాకాలం అప్పడంలా ఎటుపడితే అటు తిరుగుతుంది, కవరింగ్ (రెక్క మీద పరిచే పల్చటి పొర) బిగుసుకోగానే ఎస్ ఆకారంలోకి పోతుంది. పల్చటి షీటుతోనే చేసే తోకకి కూడా సీ గ్రెయినే. స్పార్లకి, అంటే రెక్క పొడవునా ఉండే పుల్లలకి, గొట్టంలా చుట్టే భాగాలకి మాత్రం ‘ఏ’ గ్రెయిన్. సీ గ్రెయిన్ షీటులోంచి స్పారు చీలిస్తే అది చూడ్డానికి బాగానే ఉంటుంది, గోడకు ఒక్కసారి తగిలితే సుద్దముక్కలా రెండు ముక్కలు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, "అన్నిటికన్నా తేలికైనది" అన్నారు కదా. నా మూడో విమానానికి నేనూ అలాగే అనుకున్నాను. ప్లానులో మోటార్ స్టిక్, అంటే రబ్బరు తగిలించే ఆ మధ్య కర్ర, 6 పౌండ్ల చెక్కతో చేయమని ఉంది. నా దగ్గర నాలుగు పౌండ్ల షీటు ఒకటి ఉంది, ఎవరో పెద్దాయన ప్రేమగా ఇచ్చింది, ముట్టుకుంటే ఈకలా ఉండేది. ప్లానులో ఉన్న కొలతలే పెట్టి దానితో చేశాను, పావు గ్రాము ఆదా అయిందని పొంగిపోయాను. పోటీ రోజున రబ్బరు పూర్తిగా చుట్టి కొక్కేనికి తగిలించగానే కర్ర విల్లులా వంగింది, పక్క నుంచి చూస్తే మధ్యభాగం పైకి లేచి రెండు కొసలూ కిందకి వాలాయి. ముందు కొస వాలితే ప్రొపెల్లర్ కిందకి లాగుతుంది. వెనక కొస వాలితే తోక కోణం మారి వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, చేతిలోంచి వదలగానే ముక్కు నేలకేసి దూకింది. రెండోసారి చుట్టేటప్పుడు కర్ర మధ్యలోకి విరిగి రబ్బరంతా నా వేళ్లకు చుట్టుకుంది. పక్కనే పదమూడేళ్ల పిల్ల తన విమానాన్ని నాలుగు నిమిషాలు తిప్పుతోంది.

తప్పు తేలిక చెక్కది కాదు, తేలిక చెక్క తీసుకుని అదే మందం ఉంచడం. చెక్క బిరుసు దాదాపు సాంద్రతతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. మందంతో మాత్రం మూడో ఘాతంతో పెరుగుతుంది. సగం సాంద్రత ఉన్న షీటుని రెట్టింపు మందంలో వాడితే బరువు అంతే, బిరుసు నాలుగు రెట్లు. అందుకే మోటార్ స్టిక్కుకి 5 పౌండ్ల చెక్క తీసుకుని కర్ర ఎత్తు కొంచెం పెంచడం తెలివైన పని, అదే పెంచకుండా చెక్క మార్చడం నేను చేసిన పని. 5 పౌండ్లకన్నా కిందకి పోతే ఇంకో చిక్కు కూడా ఉంది, కొక్కెం కట్టిన చోట, అతుకుల దగ్గర చెక్క నలిగిపోతుంది, ఒక్కో షీటు కొసలో గట్టిగా, మధ్యలో బూజుపట్టిన రొట్టెలా ఉంటుంది. మీ అమ్మాయి విమానం 8 గ్రాములుండాలి, అంతకన్నా తగ్గితే మళ్లీ బరువు అతికించాల్సిందే. అలాంటప్పుడు 4 పౌండ్ల చెక్క వెంట పడటం అనవసరం. అది ఎఫ్‌1డి వాళ్ల పని, అంటే అంతర్జాతీయ ఇండోర్ పోటీల్లో అతి తేలిక విమానాల తరగతి. వాళ్ల విమానం రెక్క 550 మిల్లీమీటర్లు, బరువు 1.4 గ్రాములు, రూపాయి బిళ్లలో సగం కూడా ఉండదు. పోస్టు కార్డంత మందం ‘ఏ’ గ్రెయిన్ షీటుని నీళ్లలో నానబెట్టి, కడ్డీకి చుట్టి, ఓవెన్‌లో ఆరబెట్టి గొట్టం చేస్తారు, అదే వాళ్ల మోటార్ స్టిక్. రొమేనియాలో స్లానిక్ అనే ఊళ్లో భూగర్భ ఉప్పుగనిలో ప్రపంచ పోటీలు పెట్టుకుంటారు, గాలి కదలని చోటు కోసం. ఆ లోకం వేరు, స్కూల్ జిమ్‌లో ఏసీ గాలికి ఆ విమానం పాపం ఏమైపోతుందో.

స్పార్లు ఎంచుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటి చెప్తాను, దీనికి కాటా తప్ప ఏమీ అక్కర్లేదు. కావలసిన వాటికన్నా రెండు రెట్లు పుల్లలు చీల్చుకోండి, అన్నీ ఒకే పొడవు. చాకుతో స్కేలు పెట్టి కోయకండి, బాల్సా స్ట్రిప్పర్ అని బ్లేడు బిగించిన చిన్న పనిముట్టు ఉంటుంది, దానితో లాగితే వెడల్పు ఒకేలా వస్తుంది. ముందు ప్రతి పుల్లా తూచి దాని కొసన పెన్సిల్‌తో బరువు రాయండి. తర్వాత పుల్లని కాటా మీద నిటారుగా నిలబెట్టి, పైకొసని వేలితో మెల్లగా నొక్కండి. కాటా అంకె పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగిపోతుంది, పుల్ల పక్కకి విల్లులా వంగడం మొదలవుతుంది, ఇక నొక్కినా అంకె పెరగదు. ఆ అంకె రాసుకోండి, అదే దాని బిరుసు. మొన్న ఆదివారం చేశాను, 1/16 చదరం, అడుగు పొడవు, రెండు పుల్లలూ 0.07 గ్రాములే, ఒకే షీటులోంచి చీల్చినవే. ఒకటి 13 గ్రాముల దగ్గర వంగింది, ఇంకోటి 9 దగ్గరే. కంటికి రెండూ కవల పిల్లలు. మొదటిది రెక్కకి, రెండోది తోకకి. రెక్క ముందు స్పారుకి కుడి ఎడమ పుల్లలు ఒకే అంకె ఉన్నవి జత చేయండి, లేకపోతే ఒక రెక్క ఎక్కువ వంగి విమానం తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. ఇందులో కొత్తేమీ లేదు, వరంగల్‌లో చిన్నప్పుడు పతంగి వంపు పుల్ల చెక్కేటప్పుడు దాన్ని మధ్యలో వేలి మీద పెట్టి, రెండు పక్కలా ఒకేలా వాలుతుందా, ఒకేలా వంగుతుందా అని చూసేవాళ్లం, బరువున్న పక్కన గాజుపెంకుతో గీకేవాళ్లం. ఇక్కడ గాజుపెంకు బదులు గరుకు కాగితం.

మీ 8 గ్రాముల విమానానికి నేనైతే ఇలా పంచుతాను. మోటార్ స్టిక్ 5 నుంచి 6 పౌండ్లు, సులువుగా వంగని మంచి ముక్క, ఇంట్లో ఉన్న చెక్కలో మొదటి ఎంపిక దీనికే. రెక్క స్పార్లు 6 నుంచి 7 పౌండ్లు, సన్నపు పుల్లలు కాబట్టి కొంచెం బరువు చెక్కే మేలు, పిల్లల చేతుల్లో నిలబడుతుంది. రిబ్బులు 5 పౌండ్ల సీ గ్రెయిన్. టెయిల్ బూమ్ (తోకని మోసే వెనక పుల్ల), తోక మాత్రం ఉన్నవాటిలో తేలికవి, ఎందుకంటే అవి చాలా వెనక ఉంటాయి, అక్కడ పెరిగిన ప్రతి బరువుకీ రెక్కని వెనక్కి జరపాలి, లేదా ముందు బరువు పెట్టాలి. బూమ్‌ని వెనక్కి పోనుపోను సన్నగా చెక్కండి.

ఇదంతా చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. మీ మూడు గ్రాముల్లో చెక్క వాటా సగమే ఉంటుందని నా అనుమానం. 12 అంగుళాల పొడవు, 1/4 ఎత్తు, 3/16 వెడల్పు కర్ర 10 పౌండ్ల చెక్కతో చేస్తే దాదాపు గ్రామున్నర, 5 పౌండ్లతో ముప్పావు గ్రాము. అక్కడ ముప్పావు దొరికింది, రెక్కలో ఇంకో అరో ముప్పావో దొరుకుతుంది. మిగతాది జిగురు. కొత్తవాళ్లు ప్రతి అతుకుకీ ముత్యమంత బొట్టు పెడతారు, అలాంటివి నలభై అతుకులుంటాయి. సూపర్ గ్లూ నేరుగా సీసాలోంచి కాకుండా గుండుసూది కొసతో ముట్టించండి, తెల్ల జిగురైతే సగానికి సగం నీళ్లు కలిపి పంటిపుల్లతో పెట్టండి. అతుకు సరిగ్గా కోస్తే జిగురు అవసరమే తక్కువ. కవరింగ్ ఏం వాడారో మీరు చెప్పలేదు, గిఫ్టులకు చుట్టే టిష్యూ పేపర్ అయితే అక్కడ కూడా కొంత బరువు దొరుకుతుంది, కూరగాయలు వేసిచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచీ కోసి వాడిన పిల్లల్ని చూశాను, బాగానే ఎగిరాయి.

ఇక కొనడం. ఇండోర్ విమానాల కోసమే చెక్కని తూచి, సాంద్రత, గ్రెయిన్ రెండూ షీటు మీద రాసి అమ్మే చిన్న సప్లయర్లు ఉన్నారు, ధర రెట్టింపు ఉంటుంది, మొదటి విమానానికి అక్కర్లేదు. కాంటెస్ట్ గ్రేడ్ అని రాసి ఉంటే సాధారణంగా 4 నుంచి 6 పౌండ్ల మధ్య అని అర్థం, అయినా తూచండి. మామూలు హాబీ షాపులో పెట్టె మొత్తం తూచితే ఇరవై షీట్లలో రెండో మూడో 6 పౌండ్ల లోపువి దొరుకుతాయి, నాకు ఎప్పుడూ దొరికాయి. తెల్లగా ఉంటే తేలిక అనుకోకండి, రంగుకీ బరువుకీ నమ్మదగిన సంబంధం లేదు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని గోధుమరంగు చారలు, పురుగు రంధ్రాలు ఉన్నవి పక్కన పెట్టండి. వేలి మీద మధ్యలో నిలబెడితే ఒక పక్కకి వాలిపోతే ఆ కొస బరువు, ఈ కొస తేలిక అని అర్థం. అది లోపం కాదు, రెండు రకాల చెక్క ఒకే ధరకు వచ్చినట్టు, తేలిక కొస తోకకి కోసుకోండి.

తెచ్చాక గ్యారేజీలో మాత్రం పెట్టకండి. బాల్సా తేమ బాగా పీలుస్తుంది, ఇక్కడ న్యూజెర్సీలో ఆగస్టులో తూచిన పది గ్రాముల షీటు జనవరిలో హీటర్ వేసిన ఇంట్లో అరగ్రాము తగ్గింది. పోటీకి ముందురోజు ఇంట్లో 8.02 చూపించి, పోటీ హాల్లో 7.98 చూపిస్తే ఆ టెన్షన్ మీకెందుకు, 8.1 దగ్గర ఆపుకోండి.

పాత విమానాన్ని పారేయకండి, ట్రిమ్మింగ్, అంటే విమానం సరిగ్గా ఎగిరేలా చిన్న చిన్న సర్దుబాట్లు చేయడం, నేర్చుకోవడానికి బరువైనదే మంచిది. ఈలోపు ఒక పని చేయండి. రెక్క, మోటార్ స్టిక్, తోకతో బూమ్, ప్రొపెల్లర్, నాలుగూ విడివిడిగా తూచి ఆ నాలుగు అంకెలు పంపండి. ఎక్కడ లావెక్కిందో చూస్తే ఏ షీటు కొనాలో అప్పుడు కచ్చితంగా చెప్తాను.